బెట్‌ఫెయిర్ ఎదిగింది పందెందారుల వల్లనా, వారిని వదిలేసినందువల్లనా?

కాకిలెక్క

2000 సంవత్సరంలో లండన్ వీధుల్లో శవపేటికతో ఒక ఊరేగింపు జరిగింది. బుకీల కాలం చెల్లిందని చాటడానికి బెట్‌ఫెయిర్ అనే కొత్త కంపెనీ చేయించిన ప్రచారం అది. పదహారేళ్లు తిరిగేసరికి అదే కంపెనీ ప్యాడీ పవర్ అనే ఐరిష్ బుకీ సంస్థలో కలిసిపోయింది. మధ్యలో ఏమి జరిగిందన్నదే నా ప్రశ్న. నా వాదన ముందే చెప్పేస్తాను, తర్వాత ఎవరైనా విరగ్గొట్టండి: పందెందారులకు న్యాయమైన సంతగా మొదలైన ఈ సంస్థ, పెద్దది కావడానికి ఆ న్యాయాన్నే అమ్ముకుంది.

తెలియనివారి కోసం రెండు మాటలు. బుకీ దగ్గర రేటు అతనిదే. తన లాభం అందులో ముందే కలిపి ఉంచుతాడు, మీరు ఓడితే డబ్బు అతనికే పోతుంది. బెట్‌ఫెయిర్ లాంటి ఎక్స్ఛేంజ్‌లో మీకు ఎదురుగా ఉండేది మీలాంటి మరో పందెందారు. ఒక గుర్రం గెలుస్తుందని మీరు 'బ్యాక్' చేస్తే, గెలవదని ఇంకొకరు 'లే' చేస్తారు. 4 రేటుకు (గెలిస్తే పెట్టినదానితో కలిపి నాలుగు రెట్లు చేతికొస్తుంది) మీరు 10 పౌండ్లు పెట్టారనుకోండి. గుర్రం గెలిస్తే అవతలివాడు మీకు 30 ఇచ్చుకోవాలి, ఓడితే మీ 10 అతనివి. కంపెనీ ఎవరి పక్షమూ కాదు. ఒక్కో మార్కెట్‌లో గెలిచినవారి నికర లాభం నుంచి మామూలుగా 5 శాతం కమీషన్ తీసుకుని పక్కకు తప్పుకుంటుంది.

అలాంటప్పుడు ఎవరు గెలిచినా దానికి ఒకటే కావాలి కదా? 2008 సెప్టెంబర్ దాకా పందెందారులు అలాగే నమ్మారు. ఆ నెలలో 'ప్రీమియం ఛార్జ్' వచ్చింది. ఖాతా తెరిచినప్పటి నుంచి మొత్తం మీద లాభాల్లో ఉండి, ఆ లాభంతో పోలిస్తే కమీషన్ తక్కువ కట్టినవారి నుంచి 20 శాతం వరకు రాబట్టే పద్ధతి అది. 2011లో, మొత్తం లాభం రెండున్నర లక్షల పౌండ్లు దాటినవారికి ఆ పరిమితిని 60 శాతానికి పెంచారు. బుకీ గెలిచేవాడిని గెంటేస్తాడు. వీళ్లు గెంటకుండా కూర్చోబెట్టి జేబు కోశారు. తేడా ఏమిటో ఎవరైనా చెప్పండి.

నిండుచెరువు

కాకిలెక్క గారూ, తేడా చాలానే ఉంది. ఆ ఛార్జ్ పడింది ఖాతాదారుల్లో అర శాతం లోపు మందికేనని కంపెనీ అప్పుడే చెప్పింది. సరే, కంపెనీ మాటను పక్కన పెట్టి లెక్క చూద్దాం.

పేరు పెట్టుకున్నందుకు చెరువు పోలికే చెప్తాను. మామూలు పందెందారు 100 పౌండ్లతో వస్తాడు. ఈరోజు కాస్త గెలుస్తాడు, రేపు కాస్త ఓడతాడు. ఆ వంద మార్కెట్లో ఇరవై ముప్పై సార్లు చేతులు మారుతుంది. మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు గెలుస్తారు, కంపెనీకి కమీషన్ పడుతుంది. మంచి ప్రోగ్రామ్ రాసుకుని వచ్చిన నిపుణుడు అదే వందను రెండుసార్లు చేతులు మారేలోపే లాగేసి బ్యాంకుకు పంపేస్తాడు. అలాంటివారు పెరిగేకొద్దీ చెరువు ఎండుతుంది. నీరు లేని చోటికి కొంగలు కూడా రావు. ఎక్స్ఛేంజ్‌కు ఉన్న ఒకే ఒక్క ఆస్తి అక్కడ నిలిచే డబ్బు.

దీనికి వాళ్ల తొలినాళ్ల పోటీయే సాక్ష్యం. ఫ్లటర్ డాట్ కామ్ అనే మరో కంపెనీ అప్పుడే వచ్చింది, వెంచర్ పెట్టుబడి సంస్థల దన్ను ఉన్న కంపెనీ. అక్కడ ఒకరు పందెం కాస్తానని ప్రకటిస్తే ఇంకొకరు వచ్చి దాన్ని అందుకోవాలి. గోడ మీద అంటించిన చీటీల్లాగా దేని పందెం దానిదే. బెట్‌ఫెయిర్ స్థాపకుల్లో ఆండ్రూ బ్లాక్ ప్రోగ్రామర్, పందెందారు కూడా. ఎడ్వర్డ్ రే జేపీ మోర్గాన్ బ్యాంకులో పనిచేసి వచ్చినవాడు. వాళ్లు షేర్ మార్కెట్ పద్ధతి తెచ్చారు: ఒకే గుర్రం మీద, ఒకే రేటుకు వచ్చిన డబ్బంతా ఒక్క కుప్పగా కనిపిస్తుంది. మీ వెయ్యిని అందుకోవడానికి వెయ్యి ఉన్నవాడు ఒక్కడే దొరకనక్కర లేదు, యాభై మంది తలా కొంచెం అందుకుంటారు. వెంచర్ సంస్థలు మొహం చాటేస్తే తెలిసినవాళ్ల దగ్గర సుమారు పది లక్షల పౌండ్లు సేకరించి మొదలుపెట్టిన సంస్థ ఇది. రెండేళ్లు తిరగకుండానే ఫ్లటర్‌కు దీనితో విలీనం తప్ప దారి లేకపోయింది. డబ్బు ఎక్కడ నిలిచి ఉంటే జనం అక్కడికే పోతారు, జనం ఎక్కడుంటే డబ్బు అక్కడే నిలుస్తుంది. ఈ చక్రం ఆగకుండా కంపెనీ కాపాడుకోవడం పందెందారులకు ద్రోహం ఎలా అవుతుంది?

ఎర్రసిరా

చెరువు పోలిక బాగుంది, లెక్క మాత్రం సగమే. రేట్లు పెట్టి నిలబడేది ఎవరు? ఉదయం పది గంటలకు మధ్యాహ్నం పందానికి రెండు వైపులా ధర చూపించేది మీ మామూలు పందెందారు కాదు, ఆ నిపుణుడే. అతను ఉన్నాడు కాబట్టే మామూలువాడికి బుకీ కంటే మంచి రేటు దొరికింది. చెరువులో నీరు తోడేవాడూ అతనే, కాలువ తవ్వి నీరు తెచ్చేవాడూ అతనే.

పాతబాకీ

నేను కొన్నేళ్లు ఇంగ్లండ్‌లో ఉన్నాను. పుస్తకజ్ఞానం కాదు, చేతులు కాల్చుకుని చెప్తున్నాను.

అక్కడ ఒక పేరున్న బుకీ దగ్గర నాకు ఖాతా ఉండేది. ఫుట్‌బాల్ మీద చిన్న చిన్న పందాలు. ఒక శీతాకాలం వరసగా బాగా కలిసొచ్చింది. బ్రహ్మాండమైన మొత్తమేమీ కాదు, రెండు నెలల ఇంటి అద్దె అనుకోండి. ఆ తర్వాత ఒక శనివారం 20 పౌండ్లు పెట్టబోతే '1 పౌండు 40 పెన్నీల వరకు అనుమతి' అని తెర మీద కనిపించింది. మొదట నా కంప్యూటర్‌లో లోపం అనుకున్నాను. ఫోన్ చేస్తే, ఇది వ్యాపార నిర్ణయం, కారణం చెప్పలేమన్నారు. ఓడిన రోజుల్లో మాత్రం పుట్టినరోజుకు ఉచిత పందెం కూడా పంపేవారు!

ఎక్స్ఛేంజ్‌లో ఆ అవమానం లేదు. అవతల డబ్బు ఉన్నంతవరకు నా డబ్బు తీసుకుంటారు. 5 శాతం పోతే పోనీ. కాబట్టి కాకిలెక్క గారూ, 'తేడా ఏమిటి' అని మీరు అడిగిన మాట నాకు గుచ్చుకుంది. లాభంలో వాటా అడిగేవాడికీ, మొహం మీద తలుపు వేసేవాడికీ మీకు తేడా కనిపించకపోతే మీరు ఎప్పుడూ గెలిచి ఉండరు. ఏమీ అనుకోకండి.

గడపదాటనివాడు

నేను పందెం కాయను, కాసేవారిని మెచ్చను. మీరంతా ఒక మూలవిషయం దాటేశారు. 'లే' అంటే ఓటమి మీద పందెం. బుకీ తప్ప ఇతరులు ఒక గుర్రం ఓడిపోవడం మీద సులువుగా డబ్బు సంపాదించే వీలు అంతకుముందు ఎక్కడుంది? గెలిపించడం కష్టం, ఓడించడం తేలిక. కళ్లెం కొంచెం బిగిస్తే చాలు. ఆ తాళంచెవిని ప్రతి ఇంటికీ పంచి, దాన్ని ఎదుగుదల అంటున్నారు. 2007 ఆగస్టులో పోలండ్‌లోని సోపోట్‌లో దవిదెంకో, వస్సల్లో అర్గుయెల్లో టెన్నిస్ మ్యాచ్ గుర్తుందా? దవిదెంకో ప్రపంచ స్థాయి ఆటగాడు, మొదటి సెట్ గెలిచాడు కూడా. అయినా బెట్‌ఫెయిర్‌లో డబ్బంతా అవతలివాడి మీదకే వరదలా వచ్చింది. చివరికి గాయమని దవిదెంకో మధ్యలోనే తప్పుకున్నాడు.

నిండుచెరువు

కథ సగంలో ఆపేశారు. ఆ పందాలన్నిటినీ రద్దు చేసింది బెట్‌ఫెయిరే. ఏ ఖాతా నుంచి ఏ క్షణంలో ఎంత వచ్చిందో దాని దగ్గర ఉంది కాబట్టే విషయం బయటపడింది. పురుషుల టెన్నిస్ నిర్వహణ సంస్థ ఏటీపీ ఏడాది పాటు విచారించి ఇద్దరు ఆటగాళ్లనూ నిర్దోషులుగా తేల్చింది, అది కూడా చెప్పాలి. గుర్రప్పందాల విషయంలోనూ అనుమానాస్పద ఖాతాల వివరాలు ఇస్తామని 2003లోనే, అప్పట్లో బ్రిటన్ గుర్రప్పందాలను నియంత్రించిన జాకీ క్లబ్‌తో ఒప్పందం కుదుర్చుకున్నారు. సందు చివర నోట్ల కట్టతో పందెం కాసేవాడిని ఎవరు పట్టుకుంటారు?

గడపదాటనివాడు

జాడ దొరికితే నేరం రుజువైనట్టేనా? ఎక్స్ఛేంజ్‌లో వేసిన లే పందాల ఆధారంగా ఒక ప్రముఖ జాకీ మీదా, మరికొందరి మీదా లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో నడిపిన కేసు 2007 డిసెంబర్‌లో పూర్తిగా వీగిపోయింది. వాళ్లు తప్పు చేశారని నేననడం లేదు, కోర్టే లేదంది. ఆ రికార్డులన్నీ ఉండి కూడా ఫలితం అది అంటున్నాను.

ఇంకో ముచ్చట. ఆండ్రూ బ్లాక్ తాతగారు సర్ సిరిల్ బ్లాక్, వింబుల్డన్ ఎంపీ. జూదానికి బద్ధవిరోధి. మనవడు చేసిన పని ఆయన చూడకపోవడమే మంచిదైంది.

ఎర్రసిరా

తాతగారిని వదిలేద్దాం. ఎదుగుదల గురించి అడిగారు కాబట్టి పన్ను సంగతి ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. నా దృష్టిలో ప్రీమియం ఛార్జ్ కంటే ఇదే పెద్ద కారణం.

బ్రిటన్‌లో 2001 అక్టోబర్ దాకా పందెం మొత్తం మీద పన్ను ఉండేది, పందెందారుల మీద 9 శాతం కోత పడేది. అప్పటి ఆర్థిక మంత్రి గోర్డాన్ బ్రౌన్ దాన్ని ఎత్తేసి నిర్వాహకుల స్థూల లాభం మీద 15 శాతం పన్ను పెట్టారు. ఎక్స్ఛేంజ్‌కు ఇది ప్రాణవాయువు. ఎందుకంటే అక్కడ ఒకే డబ్బు పదేపదే చేతులు మారుతుంది. మారిన ప్రతిసారీ పన్ను పడితే పదోసారికి మిగిలేదేమీ ఉండదు. జర్మనీ 2012లో పందెం మొత్తం మీద సుమారు 5 శాతం పన్ను తెచ్చింది, ఆ ఏడాదే బెట్‌ఫెయిర్ అక్కడి ఎక్స్ఛేంజ్ మూసుకుంది. బుకీలు రేట్లు తగ్గించి ఆ పన్నును సర్దుకోగలిగారు.

ఆస్ట్రేలియాలో అడ్డుపడింది నిషేధం. పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రం ఎక్స్ఛేంజ్‌లో పందెం కాయడాన్నే నేరం చేసింది. టాస్మేనియా లైసెన్సుతో నడుస్తున్న బెట్‌ఫెయిర్ హైకోర్టుకు వెళ్లింది (అక్కడ హైకోర్టే సర్వోన్నత న్యాయస్థానం). రాష్ట్రాల మధ్య వ్యాపారం స్వేచ్ఛగా సాగాలన్న రాజ్యాంగ నిబంధన కింద 2008లో గెలిచింది. అంటే ప్రతి దేశంలోనూ ఒక యుద్ధం. అమెరికాలో న్యూజెర్సీలో 2016లో గుర్రప్పందాలకు ఎక్స్ఛేంజ్ తెరిచారు, 2020లో మూసేశారు. ఒక్క రాష్ట్రం జనంతో చెరువు నిండలేదు.

కాకిలెక్క

పాతబాకీ గారూ, నేను గెలిచిన సందర్భాలు నిజంగానే తక్కువ. గుచ్చుకున్నందుకు మన్నించండి. 'తేడా ఏమిటి' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పన్ను సంగతి నేను సరిగా లెక్కవేయలేదు, ఎర్రసిరా గారు చెప్పింది ఒప్పుకుంటాను. అయితే అది నా వాదనను బలపరుస్తోంది కూడా. 2006లో జపాన్ సాఫ్ట్‌బ్యాంక్ 23 శాతం వాటా కొన్నప్పుడు కంపెనీ విలువ సుమారు 150 కోట్ల పౌండ్లు. 2010 అక్టోబర్‌లో షేరు 13 పౌండ్ల చొప్పున లండన్ మార్కెట్‌కు వెళ్లినప్పుడు దాదాపు 140 కోట్లు. నాలుగేళ్లలో పెరిగిందెక్కడ? ఆ తర్వాత ఏడాది తిరగకుండానే షేరు దాదాపు సగానికి పడింది. బ్రిటన్‌లో పందెం తెలిసినవాళ్లంతా అప్పటికే వచ్చేశారు, బయటి దేశాల్లో చట్టం తలుపులు మూసింది. ప్రీమియం ఛార్జ్ రెండో విడత వచ్చింది సరిగ్గా ఆ కాలంలోనే. చెరువును కాపాడటానికి అన్న మాట కొంత నిజమే అనుకున్నా, కొత్త షేర్‌హోల్డర్లకు ఆదాయం చూపించాల్సిన అవసరం కూడా అప్పుడే వచ్చిందని మరచిపోకండి.

అదే సమయంలో 2011 డిసెంబర్‌లో ఐర్లండ్‌లోని లెపర్డ్‌స్టౌన్‌లో జరిగింది చూడండి. వోలెర్ లా వెదెత్ అనే గుర్రం పందెంలో ముందంజలో ఉండగా, అది గెలవదంటూ ఎవరో చాలా పెద్ద రేటుకు కోట్ల పౌండ్ల బాధ్యతతో లే పెట్టారు. జనం ఎగబడ్డారు, గుర్రం గెలిచింది. తీరా చూస్తే అది ఖాతాలో వెయ్యి పౌండ్లు కూడా లేని ఒక ఆటోమేటిక్ ప్రోగ్రామ్ చేసిన పని. కంపెనీ వ్యవస్థ దాన్ని ఆపలేకపోయింది. పరుగు మధ్యలో వేసిన పందాలన్నీ రద్దు. ఖాతాలో ఉన్న డబ్బుకు మించి ఎవరూ పందెం కాయలేరన్నదే ఈ సంతకు పునాది. ఆ పునాదే కదిలింది.

2012లో ప్యాడీ పవర్ నుంచి వచ్చిన బ్రియన్ కోర్కరన్ పగ్గాలు పట్టారు. తర్వాత కంపెనీ మామూలు బుకీలాగా సొంత రేట్లతో స్పోర్ట్స్‌బుక్ తెరిచింది. అప్పటి నుంచే మళ్లీ ఎదుగుదల. 2016లో విలీనం, 2018లో అమెరికాలో ఫ్యాన్‌డ్యూయెల్ అనే పందాల కంపెనీ చేతికి రావడం, 2024లో ప్రధాన లిస్టింగ్ న్యూయార్క్‌కు. ఫ్యాన్‌డ్యూయెల్‌ను మోస్తున్నది స్పోర్ట్స్‌బుక్కే, ఎక్స్ఛేంజ్ కాదు.

నిండుచెరువు

విలీనంతో ఏర్పడిన ఆ సమూహానికి 2019లో పెట్టిన పేరు చూశారా? ఫ్లటర్ ఎంటర్‌టైన్‌మెంట్. ఓడిపోయి కలిసిన కంపెనీ పేరు!

మీ కాలక్రమం సరైనదే. కానీ 'అమ్ముకుంది' అన్న మాటతో నేను ఏకీభవించను. ఎక్స్ఛేంజ్ ఇంకా నడుస్తూనే ఉంది. అది ఉండబట్టే సరైన రేటు ఎంతో అందరికీ కనిపిస్తోంది. బుకీలే దాన్ని చూసి తమ రేట్లు సవరించుకుంటారు. ఒక వ్యాపారం పెద్దది కాకపోయినా ఉపయోగకరంగా ఉండొచ్చు కదా.

పాతబాకీ

బుకీలు దాన్ని చూసి రేట్లు సవరించుకుంటారన్నది అక్షరాలా నిజం. నా 1 పౌండు 40 పెన్నీలు కూడా బహుశా అది చూసే నిర్ణయించి ఉంటారు.

గడపదాటనివాడు

అందరూ గెలిచినవారి గురించే మాట్లాడారు. ఇటునుంచి అటు మారే డబ్బే తప్ప కొత్తగా పుట్టేది ఏదీ లేని చోట ఆ కమీషన్, ఆ ప్రీమియం, గెలిచినవారి లాభం, ప్రభుత్వ పన్ను అన్నీ ఓడినవారి జేబులోంచే రావాలి. చెరువు చెరువు అంటున్నారు, అందులో నీరు ఎవరిదో ఈ చర్చలో ఒక్కరూ రాయలేదు.

ఎర్రసిరా

మీరు రాశారుగా.