మాటొచ్చిన నేను చెవిటోళ్ల సంఘానికి అధ్యక్షుడిగా కూర్చోవచ్చునా?

బురుజు_కింద (కర్నూలు)

అందరికీ నమస్కారం. ఒక పంచాయితీ తెచ్చినా. మొహమాటం లేకుండా చెప్పండప్పా.

నాకు రెండు చెవుల్లోనూ 64 డెసిబెల్స్ లోపం. మిషను పెట్టుకుంటే ఎదురుగా ఉన్న మనిషి మాట ముప్పాతిక తెలుస్తుంది. మాటొస్తుంది, కొంచెం ముద్దగా. సైగలు మాత్రం పద్దెనిమిదేళ్లకు, సంఘంలో చేరినాకే నేర్చుకున్నా. మాది పెద్ద సంఘమేం కాదు, నలభైమంది. పాత అధ్యక్షుడు తప్పుకుంటున్నాడు, నన్ను కూర్చోమంటున్నారు. కారణం ఒకటే: "నీకు మాటొస్తుంది, ఆఫీసుల్లో పనయితాది."

సరేనని అందామనుకున్నా. అయితే నెల కిందట ఒకటి జరిగింది, అది గొంతులో ముల్లులా ఉంది.

ఒక సోమవారం, అర్జీలిచ్చే రోజు, పదిమందిమి పోయినాం. అందులో ఒకామె పల్లె నుంచి వచ్చింది, నలభై దాటింటాయి. బడి మొహం చూడలేదు. ఆమె సైగలు మా సైగలు కావు, ఇంట్లో పుట్టించుకున్నవి. అధికారి ముందర నిలబడి రెండు నిమిషాలు చేతులాడించింది. బొటనవేలు చూపింది. మీసం దువ్వినట్టు చూపింది. ఏదో మడిచి జేబులో పెట్టుకున్నట్టు చూపింది. చివర్లో అరచేయి కడుపు మీద పెట్టుకుంది. ఆయన ఆమెను చూడనేలేదు, నా నోరు చూస్తున్నాడు. వెనక పెద్ద వరుస. నేను "పెన్షన్ ఇబ్బంది సార్" అన్నా. "సచివాలయంలో కనుక్కోమను" అని రాసి సంతకం పెట్టినాడు.

బస్సెక్కి కూర్చున్నాక తట్టింది. పెన్షన్ వస్తూనే ఉంది. 2024లో మూడు వేలది ఆరు వేలు అయినాక అన్నకు దాని మీద కన్ను పడింది. వేలిముద్ర ఈమెది, నోట్లు ఆయన జేబుకు. మీసమంటే అన్న. ఆమె చెప్పిందంతా నేను మూడు ముక్కల్లో మింగేసినా.

ఇప్పుడు చెప్పండి, నేను కూర్చోవచ్చునా?

తాడిపత్రి_బండ

అన్నా, నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తున్నావు. పొరపాటు జరిగింది, ఇంకోసారి జాగ్రత్తగా చెప్తావు. దానికి కుర్చీ వదులుకునేదేముంది? 2016 వికలాంగుల హక్కుల చట్టం చూడు. 70 డెసిబెల్స్ దాటితే చెవుడు, 60 నుంచి 70 దాకా పాక్షికం. ఇద్దరికీ కలిపే సర్కారు ఉద్యోగాల్లో 1 శాతం ఇచ్చినారు. చట్టమే ఒక కంచంలో పెట్టినప్పుడు "నువ్వు సగం చెవిటోడివి, నేను నిండా చెవిటోణ్ని" అని కొట్టుకుంటే నవ్వేది వినేవాళ్లే.

అమెరికాలో గాలొడెట్ అని చెవిటోళ్ల యూనివర్సిటీ ఉంది. 2006లో అక్కడ అధ్యక్షురాలిగా ఎంపికైనామె పుట్టు చెవిటిది. మాటతో పెరిగి, సైగలు ఇరవై దాటినాక నేర్చింది. పిల్లలు నెలల తరబడి గొడవ చేస్తే బోర్డు ఎంపికను రద్దు చేసింది. చాలినంత చెవిటిదాన్ని కాదని నన్ను తోసేసినారని ఆమె వాపోయింది. అట్లాంటి రోజు మనకొద్దు.

దేవునికడప_అక్క

నేను పుట్టు చెవిటిదాన్ని. తెలుగు నాకు పుస్తకంలో నేర్చుకున్న భాష, తప్పులుంటే సర్దుకోండి. ఇంకో మాట. కొందరు "బధిరులు" అని రాయమంటారు, నాకు "చెవిటి" అంటే చాలు. తిట్టినా నాకు వినబడదు.

తాడిపత్రి తమ్ముడూ, కథ సగమే చెప్పినావు. ఆ గొడవ చేసినోళ్లు "చెవుడు గురించి కాదు, ఎంపిక జరిగిన తీరు గురించి, ఆమె పెత్తనం తీరు గురించి" అన్నారు. అంతకు ముందు 1988 సంగతి కూడా చెప్పాలి. 1864 నుంచి నడుస్తున్న ఆ చోట ఒక్క చెవిటి అధ్యక్షుడూ లేడు. మళ్లీ వినే ఆమెనే పెడితే పిల్లలు వారం పాటు చదువులు ఆపేసినారు. ఆమె దిగిపోయింది, జోర్డాన్ అనే ఆయన వచ్చినాడు. ఆయనకు ఇరవై ఒకటో ఏట మోటారు సైకిలు ప్రమాదంలో వినికిడి పోయింది. అంటే మాటొచ్చినోడే! అయినా పిల్లలు ఎత్తుకున్నారు.

కాబట్టి మాటొచ్చినోడు కూర్చోకూడదని నేననను. మిమ్మల్ని ఎందుకు కూర్చోబెడుతున్నారో చూసుకోండన్నా. మీ మంచితనానికా, మీ గొంతుకా?

1 శాతం మాట తెచ్చినావు కాబట్టి అదీ చెప్తా. ఆ పోస్టుల పరీక్ష తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటుంది, సైగల్లో ఉండదు. మాట చెవిన పడుతూ పెరిగినోడికి వాక్యం దానంతటదే కుదురుతుంది. నాకు "రాముడికి", "రాముడితో" తేడా ఇప్పటికీ కంట్లో నలుసే. ఒకే కంచం అన్నావు. కంచం ఒకటే, నా చెయ్యి అందదు.

తాడిపత్రి_బండ

అక్కా, పరీక్ష గురించి మీరన్నది ఒప్పుకుంటా. దాని మీద కోర్టుకు పోదామంటే నేనూ వస్తా. సంఘం సంగతి వేరు. అధికారి ముందర మాట్లాడేవాడు ఉండాలా వద్దా?

దేవునికడప_అక్క

ఉండాలి. పక్కన. 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టులో సారా సన్నీ అనే బెంగళూరు లాయరమ్మ సైగల్లో వాదించింది. పక్కన దుబాసీ ఉన్నాడు. లాయరు మాత్రం ఆమే.

ఆదోని_పత్తి

మా అమ్మానాన్న ఇద్దరూ చెవిటోళ్లు, నేను వింటా. ఏడేళ్లకే బ్యాంకులో, ఆసుపత్రిలో వాళ్ల నోరు నేనే. పన్నెండేళ్లప్పుడు డాక్టరు అమ్మ గురించి చెప్పిన మాట సగమే సైగ చేసినా, భయపడతాదని. అమ్మకు తన జబ్బు పేరు రెండేళ్ల తర్వాత తెలిసింది. ఈ పొద్దుకూ ఆ మాట ఎత్తితే మొహం తిప్పుకుంటుంది. అందుకే బురుజన్నా, నీ మూడు ముక్కల సంగతి నాకు బాగా తెలుసు. మధ్యలో నిలబడినోడికి తెలియకుండానే పెత్తనం వస్తాది.

ఇంకొకటి మీరెవరూ అనలేదు. ఆమె మాటలు సారుకు సరే, మీ తొమ్మిదిమందికీ అర్థం కాలేదు కదా? సైగలొచ్చినోళ్లే కదా వాళ్లంతా? అనంతపురం వైపు ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ బడుల్లో చదివిన పిల్లలకు చేతిలో భాష ఉంది. మా పడమటి మండలాల్లో, కోసిగి, ఆలూరు దిక్కు, ఇల్లిల్లూ సుగ్గికి, అంటే కూలి పనికి వలస, పోతాది. మిరపకోతకు గుంటూరు పక్కకు పోయేటప్పుడు చెవిటి పిల్లను ఎవరి దగ్గర పెడతారు? వెంట తీసకపోతారు. బడి తెగుతుంది, నేర్చిన నాలుగు సైగలూ పోతాయి. సైగల భాష నిఘంటువులో 2021కే పదివేల పదాలు చేరినాయి. అట్లాంటిది ఒకటుందని చెప్పినవాళ్లే లేరు ఆ పిల్లకు.

మాటొచ్చినోడు సైగలోళ్ల మీద ఎట్లనో, సైగలొచ్చినోళ్లు ఆమె మీద అట్లనే.

దేవునికడప_అక్క

ఇది నాకు తగిలింది. పల్లెటూరోళ్లు వస్తే మేమే నవ్వుకున్నాం ఒకప్పుడు, "ఏందా కోతి సైగలు" అని. నిజం.

గుత్తి_జంక్షన్

నేను వినేవాణ్ని, చెల్లెలు చెవిటిది, ఆమె పెళ్లికి సంబంధాలు చూస్తున్నా. మీటింగులో "చెవిటోళ్లది ఒకటే కులం" అని సైగ చేసి చప్పట్లకు బదులు చేతులూపుతారు. అదే మనుషుల పెళ్లి గ్రూపులో మొదటి లైను కులం, రెండో లైను శాఖ. ఇది మన దగ్గరే కాదులే. గాలొడెట్ ఆవరణలో ఉన్న చెవిటి పిల్లల బడిలోకి నల్ల పిల్లల్ని రానిచ్చేవాళ్లు కాదు. 1952లో ఒక తల్లి కోర్టుకెక్కి గెలిస్తే, కలిపి కూర్చోబెట్టకుండా వాళ్లకు వేరే బడి పెట్టినారు.

సరే, బురుజన్నా, మీ నలభైమందిలో ఆడోళ్లు ఎంతమంది?

తాడిపత్రి_బండ

కులం, ఆడ, మగ... ఇంక నీళ్ల ట్యాంకర్ల గొడవ కూడా తెండి. అధ్యక్షుణ్ని ఎన్నుకునేలోపు ఎండాకాలం వస్తాది.

బురుజు_కింద

ఆరుమంది. మీటింగు ఆదివారం సాయంత్రం ఆరింటికి. చీకటి పడితే వాళ్లు వెళ్లిపోతారు. కరెంటు పోతే ఎవరి చేతులూ కనబడవు, ఫోను లైటు ఎవరి మీద పడితే మాట వాళ్లదే. ఆ లైటు పట్టుకునేదీ ఎక్కువగా నేనే, ఇప్పుడు రాస్తుంటే గుర్తొచ్చింది.

కుర్చీ వద్దని చెప్పేసినా. సైగలతోనే పెరిగిన ఒకామె పేరు పెట్టినాం, టైలరింగ్ చేస్తుంది, ఆమె ఇంకా ఒప్పుకోలేదు. "ఆఫీసులో నన్నెవరు చూస్తారు" అంటోంది. తాడిపత్రి తమ్ముడు నవ్వుకుంటాడేమో గానీ, ఆ భయం ఉత్తది కాదు. పక్కన నేనుంటానని మాటిచ్చినా. మీటింగు పొద్దున పదికి మార్చినాం.

అర్జీ పెట్టినామెకు నిన్న వీడియో కాల్ చేసినా, సరిగ్గా అడుగుదామని. ఫోను ఆమెది కాదు. మీసాలాయన ఎత్తినాడు. "ఏం పనప్పా మా చెల్లెలితో?" అన్నాడు. ఆయన భుజం వెనక ఆమె కనబడింది, చేతులు రెండూ కొంగులో చుట్టుకోనుంది. కట్ చేసినాడు.

దేవునికడప_అక్క

ఊరి పేరు ఇక్కడ పెట్టొద్దు. నాకు విడిగా పంపండి. మీ టైలరమ్మను కూడా అడగండి, మగోళ్లెవరూ వద్దు. నేను గురువారం పొద్దున బస్సుకు వస్తా. ఆమె చేతులతో ఏం చెప్తుందో ఆమె ఇంటి అరుగు మీదనే కూర్చుని చూస్తాం. ఎంతసేపైనా సరే.

ఆదోని_పత్తి

బస్టాండు నుంచి ఆటో నేను మాట్లాడి పెడతా. ఊరి బయటే ఆగుతాలే.