అధ్యక్షులా, అధ్యక్ష్యులా? పాత రిజిస్టరులో ఒక య-వత్తు

ప్రశ్న:
మా ఊరి చర్చిలోని పాత కన్ఫర్మేషను రిజిస్టరు పుటలు అంచుల వెంబడి పొడిపొడిగా రాలిపోతుండడంతో దానికి నకలు తీసే పని పెట్టుకున్నాను. 1938 నాటి పుటలో, మా నాయనమ్మ పేరుకు ఎదురుగా, గురువుగారి దస్తూరీలో “దోర్నకల్ అధ్యక్ష్యులవారి హస్తనిక్షేపణము” అని, అంటే బిషప్పుగారు తలమీద చేతులుంచి దీవించారని, ఉన్నది. క్షకారానికి తగిలి ఉన్నది య-వత్తో, కలం జారిన గీతో తేలడం లేదు. బైబిలులో తిమోతికి వ్రాసిన పత్రికలో “అధ్యక్ష్యపదవిని ఆశించినయెడల” అని, తరువాత “దొడ్డపని” అని చదివినట్లు లీలగా జ్ఞాపకం. నకలులో ఏది వ్రాయమంటారు?

బందరు నుంచి:
పదవికైతే ఆధ్యక్ష్యం అనవచ్చును గాని, అప్పుడు మొదటి అచ్చుకు దీర్ఘమూ రావాలి. మనిషికి మాత్రం య-వత్తు పొసగదు. గీతలో “మయాధ్యక్షేణ” అన్నచోట యకారం ఎక్కడున్నదండీ? అది గీతే.

కాజీపేట నుంచి:
అయ్యా, నకలు తీసేవారు పరిష్కర్తలు కారు. మా పెద్దలు ఆ మాటను “అధ్యచ్చులు” అనేవారు; నోటిలో అలా నలిగిన మాటను కాగితం మీద పెట్టేటప్పుడు గౌరవం కోసం ఒక వత్తు ఎక్కువ తగిలించడం మన వ్రాయసగాళ్ళకు అలవాటే. వత్తును ఉంచండి.

గుంటూరు నుంచి:
వత్తు సంగతి అటుంచి, మాట అందాన్ని చూడండి. ఈ పదవికి గ్రీకు మాట ఎపిస్కొపోస్. అందులో ఎపి అంటే పైన, స్కొపోస్ అంటే చూచేవాడు. మన అధ్యక్షునిలోనూ అధి పక్కన అక్షం, అంటే కన్ను, ఉన్నది. బిషప్పు కూడా ఆ గ్రీకు మాటే, తల తెగి మనకు చేరింది. కతోలికులు బిషప్పును పిలిచే మేత్రాణులు మాత్రం సిరియాక్ గుండా వచ్చిన మరో గ్రీకు మాట. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ దేవాలయానికి ఎపిఫనీ పేరే పెట్టారు. దానికి మన బైబిలు మాట ప్రత్యక్షత. అందులోనూ ఆ కన్నే. అజరయ్యగారు అధ్యక్షులుగా ఉన్న చోట ఇది ఎంత బాగా అమరిందో!

బందరు నుంచి:
అమరింది సరే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రెండవ అధికరణం పేరే అధ్యక్షప్రచారం. అందులో కల్లు, సారాల మీద అజమాయిషీ చేసేవాడు సురాధ్యక్షుడు. ఆ కన్ను మొదట సుంకం మీద, కల్లుకుండల మీద ఉండి, ఆత్మల మీదికి తరువాత తిరిగింది.

గుంటూరు నుంచి:
నా మనస్సు మాత్రం “దొడ్డపని” దగ్గరే ఆగింది. అంత సంస్కృత పదవి పక్కన ఇంత పల్లెమాట పెట్టిన చేయి ఎవరిదో గాని, జాషువా పద్యం రుచి ఎరిగిన చెవికి అది వెంటనే పట్టుబడుతుంది. దొడ్డమ్మలోని పెద్దరికమంతా అందులో ఉన్నది. “గొప్పపని” అని ఉంటే ఇన్నేళ్ళు ఎవరికి గుర్తుండేది?

ప్రశ్న వేసినవారు:
భూతద్దంతో మళ్ళీ చూశాను. నాలుగు వరుసల కింద, అదే దస్తూరీలో, అదే మాట వత్తు లేకుండా ఉన్నది. రెండింటినీ ఉన్నవి ఉన్నట్లే ఎక్కించాను.

కాజీపేట నుంచి:
పుట వెనుకవైపు కూడా ఒకసారి చూడండి. సిరా అటునుంచి ఊరి ఉంటే మనం ఇంతసేపూ మాట్లాడుకున్నది మరొకరి పేరులోని కొమ్ము గురించి కావచ్చు.