మూడు ఊళ్ల బోర్లకు జీఐఎస్ (వివరాలతో సహా కంప్యూటర్ మ్యాపు) పెట్టుకోవాలంటే ఎంతవుతుంది?

బత్తాయితోట (దేవరకొండ దగ్గర):
మా రైతుల సంఘంలో మూడు ఊళ్లు, దాదాపు 200 బోర్లు. బోర్లు, కుంటలు, తోటలు, ఏ బోరులో ఫ్లోరైడ్ ఎంతుందో అంతా ఒకే మ్యాపులో చూడాలని ఆశ. హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి నాలుగున్నర లక్షల కొటేషన్ ఇచ్చిపోయాడు. సగానికి పైగా సాఫ్ట్‌వేర్ లైసెన్సే. నిజంగా అంతవుతుందా?

పాలమూరు గొలుసు:
ముందు ఆ లైసెన్స్ లైను కొట్టేయండి అన్నా. మ్యాపులు చేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌కు పైసా కట్టక్కర్లేదు, ఫోన్లో పాయింట్లు ఎక్కించే క్యూఫీల్డ్ కూడా అంతే. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలూ ఉచితమే. చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు కాబట్టి తోటలు, కుంటలు కనిపిస్తాయి, బోరు కనిపించదు. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి కొనండి, చాలు.

డబ్బు పోయేది మనుషుల మీద. ప్రతి బోరు దగ్గరికీ ఒకరు పోయి నిలబడాలి కదా. ఇద్దరు కుర్రాళ్ల కూలి, పెట్రోలు రాసుకోండి. ఫ్లోరైడ్‌కు ల్యాబ్‌లో ఒక్కో శాంపిల్‌కు ఫీజు ఉంటుంది, దాన్ని 200తో గుణించి చూడండి. అందుకే తాగే నీళ్ల బోర్లకే ముందు చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినవి ఎర్ర చుక్క.

నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్తా. 78 డిగ్రీల రేఖాంశం మా మహబూబ్‌నగర్ పక్క నుంచే పోతుంది. యూటీఎం అనే కొలతల పద్ధతిలో భూమిని నిలువు పట్టీలుగా (జోన్లుగా) కోస్తారు, అవే అంకెలు ప్రతి జోన్‌లోనూ వస్తాయి. ఆ రేఖకు పడమట నారాయణపేట 43వ జోన్, తూర్పున జడ్చర్ల 44. మావాళ్లు షీట్లో జోన్ రాయలేదు, నేనూ అడగలేదు, అన్నీ 44 అనుకుని ఎక్కించా. నారాయణపేట బోర్లన్నీ పోయి విశాఖకు దక్షిణాన సముద్రంలో తేలాయి! ఏ పాయింటు ఏ జోన్‌దో తేల్చడానికి పది రోజుల కూలి దండగ. మీ దేవరకొండ మొత్తం 44లోనే, ఆ టెన్షన్ లేదు.

కృష్ణపట్టె:
ఫోన్ జీపీఎస్ బయట మూడు నుంచి ఐదు మీటర్లు అటూఇటూ చూపిస్తుంది. బోర్లకు పర్లేదు. గట్టు పంచాయితీలకు మాత్రం ఆ మ్యాపు చూపించకండి, తన్నుకుంటారు. దానికి ఇంకా కచ్చితంగా కొలిచే డీజీపీఎస్ పరికరం కావాలి, అదీ అద్దెకు తెచ్చుకోండి, కొనకండి.

బత్తాయితోట:
పాణం లేచొచ్చింది. ఇంకొక్కటి, ఎండిన బోర్లు డెబ్బై దాకా ఉన్నాయి. కూలి దండగని వదిలేద్దామా?

పాలమూరు గొలుసు:
అయ్యో, వదలకండి. కొత్త బోరు వేయించేవాడు ముందు చూసేది వాటినే. ఎన్ని అడుగులకు ఎండిందో కూడా రాయించండి.