తడి, పొడి చెత్త వేరు చేయించాలంటే ఏం చేయాలి? జరిమానా వేస్తే జనం మారతారా?

మోతీనగర్ మూడో అంతస్తు:
మాది ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో దీని మీదే గొడవ. చెత్త కలిపి ఇచ్చేవాళ్లకు వంద రూపాయలు ఫైన్ వేద్దామంటారు ప్రెసిడెంట్ గారు. నాకెందుకో నచ్చలేదు. 2015లో హైదరాబాద్ నగరమంతా ఇంటింటికీ తడికి ఆకుపచ్చ, పొడికి నీలం డబ్బాలు పంచారు గుర్తుందా? మా ఇంట్లో నీలం దాంట్లో ఉల్లిపాయలున్నాయి, ఆకుపచ్చది బాల్కనీలో మొక్కలకు నీళ్లు పోయడానికి. ఇరవై ఇళ్లలో వేరు చేసేది నాలుగే. మీ దగ్గర ఏం పని చేసిందో చెప్పండి.

హెల్మెట్ బావమరిది:
ఫైన్ వేయండి సార్, మొహమాటం వద్దు. చలాన్ ఫొటో ఫోన్‌కి వచ్చాకే మా బావ హెల్మెట్ కొన్నాడు. తడి, పొడి, ప్రమాదకరమైనవి అని ఇంట్లోనే మూడు రకాలుగా వేరు చేయాలని 2016లో వచ్చిన చెత్త నిర్వహణ రూల్స్‌లోనే చెప్పారు. పదేళ్లుగా మంచిమాటలు చెప్పి చూశాం కదా.

నమ్మకం పోయినవాడు:
రెండేళ్లు శ్రద్ధగా వేరు చేశాను. ఒకరోజు ఆఫీసుకి తొందరగా బయల్దేరి గేటు దగ్గర చూశాను. చెత్త ఆటో అబ్బాయి నా రెండు డబ్బాలూ ఒకే గుట్ట మీద బోర్లించాడు. ఆ రోజుతో మానేశాను. అక్కడ కలిపేస్తుంటే నాకు ఫైన్ ఎందుకు కట్టాలి? అయినా జవహర్‌నగర్ డంపింగ్ యార్డులో చెత్త కాల్చి కరెంటు తీస్తున్నారుగా, కలిస్తే నష్టమేంటి?

బోడుప్పల్ టీచరమ్మ:
నష్టం ఉందండీ. మన చెత్తలో సగం దాకా తడిదే. తడిసిన కట్టెలు పొయ్యిలో పెట్టినట్టే అది కూడా సరిగా మండదు, వేడి తగ్గిపోతుంది. విడిగా వస్తే ఎరువవుతుంది.

ఇక ఆటో సంగతి. నాకూ మీలాగే ఒళ్లు మండి ఒకరోజు ఆ అబ్బాయిని ఆపి అడిగాను. ఏమీ అనకుండా బండి పక్కన వేలాడే గోనెసంచులు చూపించాడు. ఒకదాంట్లో అట్టపెట్టెలు, ఒకదాంట్లో సీసాలు, ఇంకోదాంట్లో పాల ప్యాకెట్లు. అవి స్క్రాప్ షాపులో అమ్ముకుంటేనే వాళ్లకు నాలుగు డబ్బులు. మా వీధిలో వచ్చిన అట్ట ఒకటి తీసి చూపించాడు, సాంబారులో నానిపోయి మెత్తగా వేలాడుతోంది. "ఇది ఎవరు కొంటారు మేడం? డబ్బాలో వద్దు, పొడిది సంచిలో కట్టి నా చేతికివ్వండి" అన్నాడు. అప్పటి నుంచి చేతికే ఇస్తున్నాను. ఒక్కసారి కూడా కలపలేదు, నా కళ్ల ముందే విడిగా పెట్టుకుంటాడు. మా ఎదురింటావిడ చూసి ఆవిడా మొదలుపెట్టింది. నేను చెప్పి కాదు, సంచి చూసి!

ఇంకో మాట. మీటింగుల్లో మాట్లాడేది మగవాళ్లు, చెత్తబుట్ట ముట్టుకునేది పనిమనిషో అత్తగారో. మా పనమ్మాయికి నేనెప్పుడూ చెప్పనేలేదు. తప్పు తనదని ఎన్నాళ్లు అనుకున్నానో!

సింకు కింద ఒకటే బుట్ట:
అందరికీ అంత చోటుండదు అక్కా. మాది టూ బీహెచ్‌కే, సింకు కింద సిలిండర్ పక్కన ఒకటే బుట్ట పడుతుంది. బద్ధకం కాదు. చివరికి తలుపు వెనక మేకుకి ఒక సంచి తగిలించాను, సగం సమస్య తీరింది. డైపర్లు మాత్రం ఎందులో వేయాలో ఇప్పటికీ టెన్షనే.

బోడుప్పల్ టీచరమ్మ:
పేపర్లో చుట్టి, మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి విడిగా ఇవ్వమ్మా. విప్పి చూసేది వాళ్ల చేతులే కదా.

హెల్మెట్ బావమరిది:
బాగానే ఉంది, కానీ చేతికివ్వడానికి ఉదయం ఏడింటికి ఎంతమంది దిగుతారు? ఇండోర్ 2017 నుంచి వరసగా స్వచ్ఛ సర్వేక్షణ్‌లో, అంటే నగరాల శుభ్రత ర్యాంకుల్లో, ముందుంది. అక్కడ బండిలోనే వేర్వేరు అరలున్నాయి, తప్పు చేస్తే ఫైనూ ఉంది. రెండూ కావాలి.

మోతీనగర్ మూడో అంతస్తు:
నా ఓటు మాత్రం ముందు బండికి, తర్వాతే ఫైన్‌కి. ప్రెసిడెంట్ గారికి ఒక మాట చెప్పాను: నెల రోజులు వాచ్‌మన్ దగ్గర గేటు పక్కన రెండు గోనెసంచులు కడదాం, వచ్చిన అట్టలూ సీసాలూ ఆటో అబ్బాయికే. ఒప్పుకున్నారు, గొణుక్కుంటూనే.

నమ్మకం పోయినవాడు:
సరే, రేపు నేనూ కిందికి దిగి పొడిది చేతికిస్తా. మళ్లీ కలిపేస్తే ఫొటో ఇక్కడే పెడతా, టీచరమ్మ గారూ.