మిగిలిపోయిన ఈస్టర్ ప్లాస్టిక్ గుడ్లు: పిల్లలతో ఆడించాలా, వదిలించుకోవాలా?

ఆస్టిన్_అమ్మ:
మాది టెక్సాస్‌లో ఆస్టిన్. మేం ఈస్టర్ చేసుకోం కానీ ఇక్కడ పిల్లలున్న ఇంటికి ఎగ్ హంట్, అంటే చాక్లెట్లు పెట్టి దాచిన గుడ్లని పిల్లలు వెతికే ఆట, తప్పదు. అపార్ట్‌మెంట్ వాళ్ళది ఒకటి, ప్రీస్కూల్లో ఒకటి, పార్కులో ఇంకొకటి. మూడేళ్ళుగా పోగైన ప్లాస్టిక్ గుడ్లు నిన్న లెక్కపెడితే 143 తేలాయి. లోపలి చాక్లెట్లు ఆ పూటే అయిపోతాయి, డొల్లలు మాత్రం బాస్మతి సంచిలో గరాజ్‌లో కూర్చున్నాయి.

మా ఆయన పారేయమంటారు. నాకేమో మనసొప్పదు. పాపకి ఆరేళ్ళు, బాబుకి రెండున్నర. మొన్న శనివారం ఆరు గుడ్లని హాట్ గ్లూతో అతికించి గొంగళిపురుగు చేశాం. పాప ముచ్చటపడి దానికి పేరు కూడా పెట్టింది. రాత్రి భోజనాల వేళకి అది మూడు ముక్కలై సోఫా కింద ఉంది. "గుడ్లూ పోయాయి, జిగురూ పోయింది, చెత్త మాత్రం పెరిగింది" అన్నారాయన. నిజం చెప్పండి, పిల్లల చేత ఇలాంటివి చేయించడం అర్థమున్న పనేనా?

గోదారిగట్టు:
మీ ఆయనకే నా ఓటు. మా ఇంట్లోనూ ఇదే గోల. రీసైక్లింగ్ డబ్బాలో పడేసి చేతులు దులుపుకోండి. వాళ్ళే చూసుకుంటారు.

చెత్తలెక్కలు:
దయచేసి ఆ డబ్బాలో వేయకండి. ఈ గుడ్లలో చాలావాటి మీద ఏ రకం ప్లాస్టిక్కో చెప్పే నంబరే ఉండదు. పైగా సైజు చిన్నది. సార్టింగ్ కేంద్రంలో తిరిగే రోలర్ల సందుల్లోంచి ఇలాంటి చిన్న సామాన్లు జారి, గాజు పెంకుల్లో కలిసి చెత్తకే పోతాయి.

అలాగని క్రాఫ్టులని కూడా నేను ఒప్పుకోను. జిగురు పూసి, మెరుపులు చల్లి, కళ్ళు అంటించాక అది మళ్ళీ గుడ్డుగా పనికిరాదు. అది రీయూజ్ కాదండీ, చెత్తబుట్టకి వెళ్ళే దారిలో ఒక మజిలీ. ఇంకో సంగతి, మీ గొంగళిపురుగు విడిపోవడంలో మీ తప్పేం లేదు. ఇవి ఎక్కువగా పాలీప్రొపిలీన్ లాంటి ప్లాస్టిక్, దానికి మామూలు జిగురేదీ సరిగా పట్టదు. రంగు వేసినా పొలుసులుగా లేస్తుంది.

వైట్ హౌస్ గడ్డి మీద పిల్లలు గుడ్లు దొర్లించే వేడుక 1878 నుంచీ ఉంది. అక్కడ జ్ఞాపికగా ఇచ్చేది 1981 నుంచీ చెక్క గుడ్డే. దాన్నెవరూ పారేయరు, అల్మారాలో పెట్టుకుంటారు. మనకి డజన్లకొద్దీ వచ్చిపడేవాటి మీద ఆ ప్రేమ ఎక్కణ్ణించి వస్తుంది?

ఆదివారం_తెలుగుక్లాసు:
నేను వారానికోసారి పిల్లలకి తెలుగు చెప్తాను. చెత్తలెక్కలు గారి మాటలో సగమే ఒప్పుకుంటాను. జిగురు వద్దు, సరే. గుడ్డే వద్దంటే మాత్రం ఒప్పుకోను.

నేను చేసేది ఇదీ. గుడ్డుని నిలువుగా పట్టుకుంటే పైన ఒక చిప్ప, కింద ఒక చిప్ప. కింది చిప్ప మీద క, గ, త, ర లాంటి అక్షరం ఒంటిని తలకట్టు లేకుండా మార్కర్‌తో రాస్తాను. పై చిప్ప అంచు చుట్టూ తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, ఏత్వం, ఓత్వం. పై చిప్పని తిప్పుతుంటే క, కా, కి, కీ వరసగా వస్తాయి. రెండు గుడ్లు పక్కపక్కన పెడితే కాకి, కోతి, గీత, తార, గిరి. మన గుణింతాల్లో చాలా గుర్తులు నెత్తిన కూర్చుంటాయి కాబట్టి ఇది కుదిరింది. కొమ్ముతోనే చిక్కు, అది పక్కకి పోతుంది. అందుకే "కు, కూ" నా గుడ్లలో లేవు. ఒకబ్బాయి "మరి కుక్క ఎలా రాయాలి టీచర్?" అని నిలదీశాడు. బోర్డు మీద రాసి చూపించాను, ఏం చేస్తాం.

మార్కర్ గీతలు దూదికి రబ్బింగ్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే పోతాయి. గుడ్డు మళ్ళీ గుడ్డే.

గోదారిగట్టు:
ఈ పని అట్టముక్కలతో అవదా టీచరమ్మా? మేం పలక మీద దిద్దే నేర్చుకున్నాం.

ఆదివారం_తెలుగుక్లాసు:
అవుతుందండీ. అట్టముక్కలైతే పది నిమిషాలకే నలిగి నేల మీద ఉంటాయి. గుడ్డు ఇస్తే చేతులు దాన్ని తిప్పుతూనే ఉంటాయి. ఆరేళ్ళవాడికి కావాల్సింది అదే. ఇంకా కొనమని నేను చెప్పట్లేదు, ఇంట్లో ఉన్నవాటి గురించే మాట్లాడుతున్నాను.

గుంటూరు_టు_డాలస్:
మేం క్రైస్తవులం. మా నాయనమ్మకి ఎగ్ హంట్ అంటే ఏంటో తెలియదు. ఈస్టర్ అంటే చీకటితోనే లేచి సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించడం, తెల్లవారు ఆరాధన, అంతే. కాబట్టి గుడ్ల మీద నాకు పెద్ద భక్తేం లేదు. కానీ మా ఇంట్లో 12 గుడ్లున్నాయి, ఎనిమిదేళ్ళుగా అవే. ఒకదాంట్లో బుల్లి గాడిద, ఒకదాంట్లో వెండి నాణేలు, తర్వాత ముళ్ళ కొమ్మ, మేకు, తెల్ల గుడ్డపీలిక, రాయి. రోజుకొకటి విప్పి యేసు చివరి రోజుల కథ చెప్పుకుంటాం. పన్నెండోది ఖాళీ. ఖాళీ సమాధి అన్నమాట. మావాడికి అన్నీ కంఠతా వచ్చు, అయినా ఏటా ఆ ఖాళీ గుడ్డు విప్పేటప్పుడు మాత్రం చెవి దగ్గర ఊపి చూస్తాడు.

నైట్‌డ్యూటీ_నర్సు:
రెండున్నరేళ్ళ బాబు అన్నారు కదా, ఒక్కమాట. 1999 డిసెంబర్‌లో ఇక్కడ ఒక బర్గర్ల కంపెనీ పిల్లల భోజనంతో ఇచ్చిన ప్లాస్టిక్ బంతుల్ని 2.5 కోట్లకు పైగా వెనక్కి పిలిచింది. అవీ ఇలాగే రెండు చిప్పలుగా విడిపోయేవి. ఒక చిప్ప ముక్కూ నోటి మీద అతుక్కుని 13 నెలల పాప చనిపోయింది. గుడ్ల కొసన కనిపించే సన్నటి చిల్లుల్లోంచి గాలి ఆడుతుంది, కానీ వాటినే నమ్ముకోకండి. విడి చిప్పలు, ముఖ్యంగా పెద్ద సైజువి, మూడేళ్ళలోపు పిల్లలకి అందనివ్వకండి.

రవ్వలడ్డు:
చిల్లుల మాటొచ్చింది కాబట్టి నా కష్టం వినండి. గిలక్కాయలు చేద్దామని ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో కందిపప్పు, ఒకదాంట్లో బొంబాయి రవ్వ పోశాను. ఆట ఏంటంటే ఊపి, చప్పుడు విని, లోపల ఏముందో చెప్పాలి. రవ్వ గుడ్డు ఊపినప్పుడల్లా చిల్లులోంచి సన్నగా కారి హాలంతా ముగ్గేసింది. ఇప్పుడు చిల్లు మీద టేపు, అతుకు చుట్టూ మూడు చుట్లు టేపు. నర్సు గారూ, గట్టిగా మూసేసిందే కాబట్టి పరవాలేదనుకుంటాను. కందిపప్పుకి, పెసరపప్పుకి చప్పుడులో తేడా మావాడు పట్టేస్తాడు, నాకు చేతకాదు.

అసలు హిట్ మాత్రం ఈనో రాకెట్. చిల్లుకి టేపు వేసిన చిప్పలో రెండు చెంచాల నీళ్ళు, అర ప్యాకెట్ ఈనో, గబుక్కున రెండో చిప్ప మూసి నేల మీద పెట్టి దూరంగా రావాలి. గ్యాస్ నిండగానే టప్‌మని పై చిప్ప ఎగురుతుంది. పెరట్లోనే చేయండి, మొహం దగ్గర పెట్టకండి. ఇంకోటి, కింది చిప్పలో గోలీకాయంత క్లే ముద్ద అదిమి మూస్తే తంజావూరు బొమ్మలా పడదోసినా లేచి కూర్చుంటుంది.

చెత్తలెక్కలు:
ఈనో రాకెట్‌కి నేను ఓడిపోయాను. కడిగేస్తే గుడ్డు మళ్ళీ గుడ్డే కదా, అభ్యంతరం ఏముంది? నా గొడవల్లా లెక్కతోనే. మీరంతా కలిపి చెప్పిన ఆటలకి 40 గుడ్లు ఎక్కువ. మిగతా వంద? వాటికి ఉత్తమమైన పని మళ్ళీ ఎగ్ హంటే. ఈస్టర్‌కి నెల ముందు చర్చిలు, డేకేర్‌లు ఖాళీ గుడ్లు అడుగుతుంటాయి, ఇరుగుపొరుగు వాళ్ళు వస్తువులు ఉచితంగా ఇచ్చిపుచ్చుకునే బై నథింగ్ గ్రూపులో పెట్టినా గంటలో తీసుకుపోతారు. ఇక హంట్ అవగానే చాక్లెట్లు తీసుకుని డొల్లలు అక్కడే నిర్వాహకులకి ఇచ్చేయండి. మొదట్లో మొహమాటంగా ఉంటుంది.

ఆస్టిన్_అమ్మ:
అందరికీ థాంక్స్. నిన్న కూర్చుని వేరుచేశాం. 90 కట్టగట్టి ప్రీస్కూల్‌కి పక్కన పెట్టాను. ఒకదాంట్లో పాత జెల్లీ బీన్ మిఠాయి ఉండిపోయి లోపల చీమలు కాపురం పెట్టాయి, అది మాత్రం నేరుగా చెత్తలోకే. విడి చిప్పలు అటక మీదికి ఎక్కించాను నర్సు గారూ. పాప నాలుగు గుణింతం గుడ్లు చేసుకుని "కాకి, కాకి" అని ఇల్లంతా తిరుగుతోంది.

పారేయమన్న మనిషి పొద్దున్నించీ పెరట్లోనే ఉన్నారు. ఈనో ప్యాకెట్లు అయిపోయాయట, ఇండియన్ స్టోర్‌కి వెళ్తూ ఇంకేమైనా కావాలా అని అడుగుతున్నారు.