"పత్రికొక్కటున్న": ఒక్కటా, ఒకటా?

కృష్ణలంక కుర్రాడు: మా పాపకు బడిలో వక్తృత్వ పోటీ. అంశం మీడియా పక్షపాతం. సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావుగారి పద్యంతో మొదలుపెడదామని కూర్చున్నాం. "పత్రికొక్కటున్న పదివేల సైన్యంబు, పత్రికొక్కటున్న మిత్రకోటి" దాకా బాగానే వచ్చింది. మూడో పాదంలో "ప్రజకు రక్ష లేదు" తర్వాత "పత్రిక లేనిచో" అని నేను, "లేకున్న" అని మా ఆవిడ. ఏది కరెక్ట్?

తెనాలి మాస్టారు: మూడోది తర్వాత చూద్దాం, ముందు మొదటి పాదం సరిచేసుకోండి. నేను చదువుకున్నది "పత్రికొకటి యున్న".

గణాల గోపన్న: ఛందస్సు మీకు సాయం రాదు మాస్టారూ. "కొక్క" గలం (గురువు, లఘువు), "కొకటి" నగణం (మూడు లఘువులు). రెండూ సూర్యగణాలే. ఆటవెలదికి ఏదైనా ఒకటే. అన్నట్టు, రెండో పాదంలో పకి, మికి యతి కుదరదని ఎవరూ అడగలేదేం? అది ప్రాసయతి, రెండో అక్షరం కలిస్తే చాలు. పత్రి, మిత్ర.

తెనాలి మాస్టారు: అది మాకూ తెలుసు నాయనా. నేనంటున్నది అర్థం గురించి. ఒకటి అంటే ఏదో ఒకటి. ఒక్కటి అంటే ఒక్కటే చాలు, రెండోది అక్కర్లేదని. పత్రికల్లో పుట్టి పెరిగిన మనిషి ఆ మాట అంటాడా?

సూరి శిష్యుడు: అసలు ఆ సంధే తప్పు. పత్రిక తత్సమం, సంస్కృతం నుంచి వచ్చిన మాట. చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం "దూత యితఁడు" లాగా "పత్రిక యొకటి" కావాలి.

గణాల గోపన్న: పెట్టి చూడండి. పత్రి, కయొక, టియున్న. మూడో గణం జగణం అయి కూర్చుంది, అది సూర్యగణం కాదు. వాడుక భాష కోసం పోట్లాడిన నార్లకు సూరిగారి పర్మిషన్ దేనికి?

డల్లాస్ వదిన: మీ క్క గొడవ కంటే నాకు "ఉన్న" దగ్గరే అనుమానం. ఎవరికి ఉన్న? ఊళ్ళో పత్రిక ఉంటే జనానికి సైన్యమా, నా చేతిలో పత్రిక ఉంటే నాకు సైన్యమా? ఆ చతుర్థి విభక్తి మింగేశాడాయన.

సూరి శిష్యుడు: "కి" షష్ఠి అండీ, చతుర్థి కాదు.

డల్లాస్ వదిన: సరే, షష్ఠే మింగాడు. యజమాని చదువుకుంటే పద్యం యజమానిదే అవుతుందా లేదా?

ఓరుగల్లు అన్న: కాదు వదినా. మూడో పాదంలో "ప్రజకు రక్ష లేదు" అని స్పష్టంగా ఉంది గద.

డల్లాస్ వదిన: అక్కడ "ప్రజకు" అని విడిగా చెప్పాల్సొచ్చిందంటే, పై రెండు పాదాలూ ప్రజవి కావనేగా! ఆంధ్రప్రభలో అన్నేళ్ళు ఎడిటర్‌గా చేసి, యజమానితో పడక 1959లో బయటికొచ్చి, మరుసటేడు ఆంధ్రజ్యోతికి తొలి సంపాదకుడైన మనిషి. సైన్యానికి జీతమెవరిస్తారో ఆయనకు తెలియదా?

ఓరుగల్లు అన్న: ఇది బాగుంది. మా నాన్న రెండు పేపర్లు వేయించుకుంటడు. ఆ మధ్య మా దగ్గర ఒక సభ జరిగింది. ఒకదాంట్ల "పోటెత్తిన జనం", స్టేజీ మీంచి తీసిన ఫొటో, మొదటి నాలుగు వరుసలు. రెండోదాంట్ల "వెలవెలబోయిన సభ", వెనక నుంచి తీసిన ఖాళీ కుర్చీలు. రెండు ఫొటోలల్ల అదే షామియానా, అదే చిరుగు. అబద్ధం ఎవ్వరూ రాయలే. మా నాన్న ఆ రెండిటినీ పక్కపక్కన పరిచి, మధ్యల వరుసలు ఎన్నో వేళ్ళ మీద లెక్కపెడుతుండు.

గుంటూరు పొగాకు: అందుకే శ్రీశ్రీ ఎప్పుడో అన్నాడు, పెట్టుబడికీ కట్టుకథకీ పుట్టిన విషపుత్రికలని.

తెనాలి మాస్టారు: కట్టుకథకూ. "కీ" కాదు.

గుంటూరు పొగాకు: పెట్టుబడికీ అన్నాక కట్టుకథకీ అంటేనే మోగుతుంది మాస్టారూ. శ్రీశ్రీ చెవి అది. పుత్రికలో పత్రికను దాచిన ఒక్క కొమ్ము చాలు, నార్ల పద్యం మొత్తం ఇచ్చేయొచ్చు.

తెనాలి మాస్టారు: మోగడం వేరు, రాయడం వేరు.

డల్లాస్ వదిన: "కొమ్ము" అంటే గుర్తొచ్చింది, మనవాళ్ళు ఒక్క అక్షరంతో పత్రికల కొమ్ములొంచిన మాట ఇంకోటుంది. "ఆ రెండు పత్రికలు". వైఎస్ ఆ మాట అంటే ఈనాడు, ఆంధ్రజ్యోతి అని పేర్లు చెప్పే పనే ఉండేది కాదు. 2008లో ఆయన కొడుకు జగన్ సాక్షి వచ్చాక "ఆ" అటువైపు వాళ్ళకూ పనికొచ్చింది. ఎవరి నోట్లో ఉంటే దానికి ఎదుటివాడి పేపరు.

సూరి శిష్యుడు: త్రికము. ఆ, ఈ, ఏ. "ఆ" దూరార్థకం.

గుంటూరు పొగాకు: "ఈ రెండు పత్రికలు" అని ఎవరూ అనలేదు, గమనించారా? సొంతదాన్ని పత్రిక అంటారు, అంతే.

కృష్ణలంక కుర్రాడు: అయ్యా, పోటీ రేపు పొద్దున తొమ్మిదింటికి. లేనిచోనా, లేకున్ననా?

గణాల గోపన్న: లేనిచో రగణం, లేకున్న తగణం. రెండూ ఇంద్రగణాలే.

తెనాలి మాస్టారు: పాపను "ఒకటి యున్న" అనమనండి.