ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ రెండుసార్లు మార్చినా అదే మూల నుంచి ఆయిల్ కారుతోంది

1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, టైమింగ్ చైన్, ప్లాస్టిక్ ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత). 92,000 కి.మీ. తిరిగింది. ఆయిల్ 5డబ్ల్యూ-30. వెయ్యి కిలోమీటర్లకు సుమారు 200 మి.లీ. తగ్గుతోంది. చల్లగా ఉన్నప్పుడు చుక్క కూడా రాదు. ఇంజిన్ బాగా వేడెక్కి, ఆపిన పది నిమిషాలకు కాలిన వాసన మొదలవుతుంది.

మొదటిసారి ప్యాకింగ్ మాత్రమే మార్చాను, వారంలో మళ్లీ తడి. రెండోసారి గాడిని, సిలిండర్ హెడ్ (ట్యాపెట్ కవర్ కూర్చునే భాగం) అంచును బ్రేక్ క్లీనర్‌తో పొడిగా తుడిచి, టైమింగ్ కవర్ (చైన్‌ను మూసే కవర్), హెడ్ కలిసే రెండు చోట్లా 3 మి.మీ. ఆర్‌టీవీ (సిలికాన్ సీలెంట్) పెట్టి, ఐదు నిమిషాల్లోపే కవర్ దించాను. బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు విడతల్లో, మాన్యువల్ చెప్పిన 10 ఎన్ఎమ్‌కి. 24 గంటలు ఆగాకే స్టార్ట్ చేశాను.

పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి వాయువుల ఒత్తిడిని వదిలేది) కొత్తది. ఐడిల్‌లో ఆయిల్ మూత తీస్తే పొగ ఎగదన్నడం లేదు, కాబట్టి లీకుకు కారణం క్రాంక్‌కేస్ ప్రెషర్ (ఆ లోపలి ఒత్తిడి) కాదనే నా నమ్మకం.

ఆయిల్‌లో యూవీ డై (యూవీ లైటులో మెరిసే రంగు) కలిపి 30 కి.మీ. నడిపి చూశాను. చైన్ వైపు మూలలో, ఆర్‌టీవీ పెట్టిన చోటే, గోరంత పచ్చటి మెరుపు. అక్కడి నుంచి సన్నటి గీతలా కిందికి జారింది. తీసిన కవర్‌ను స్ట్రెయిట్ ఎడ్జ్ మీద పెడితే ఆ మూలలో 0.10 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) దూరుతోంది. కానీ ప్లాస్టిక్ కదా, బిగిస్తే సర్దుకుంటుందేమో.

టైమింగ్ కవర్ విప్పకుండా, లీకు వంగిన ట్యాపెట్ కవర్‌దా, టైమింగ్ కవర్ అతుకుదా అని కచ్చితంగా తేల్చే పద్ధతి ఏమిటి?